ఆసరా లేని స్టూలు

"దశరథా, లే. ఆ స్టూలు తుడిచి లోపలికి పట్రా. ఫొటోకి కావాలి," అన్నారు డిజైనర్ సత్యవర్ధన్ గారు.

దశరథ మా నాన్న. సార్ దగ్గర డ్రైవరు. తెలంగాణ బంద్‌కి బస్సుల్లేక, నన్ను వెంటబెట్టుకుని అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి ఎల్బీనగర్లో సార్ ఇంటి దాకా నడిచొచ్చి అప్పుడే గేటు దగ్గర ఆ స్టూలు మీద కూర్చున్నాడు.

మా ఊళ్లో టీకొట్టు నుంచి బడి దాకా ఆయన డిజైన్ చేసిన ఆ ప్లాస్టిక్ స్టూళ్లే. ఆయన ఇంట్లో మాత్రం అదొక్కటే, అదీ గేటు బయట.

"నీ బొమ్మ చూపియ్యి బిడ్డా. డిజైన్ చదువు నీకొస్తదో రాదో సారే చెప్తడు," అన్నాడు నాన్న. నాన్న నడుము నొప్పి చూసి, అదే స్టూలుకి వెనక ఆసరా పెట్టి గీసి తెచ్చాను.

"దేశంలో సగంమందిని కూర్చోబెట్టారు సార్! వెనక ఆసరా ఎందుకు పెట్టలేదు?" అడిగింది ఇంటర్వ్యూకొచ్చిన పత్రికా విలేకరి బిందుమాధవి.

"వాచ్‌మెన్లూ డ్రైవర్లూ కూర్చునేదమ్మా. ఆనుకుంటే నిద్రపోతారు. రేపు తెలంగాణ రాష్ట్రం కూడా వస్తే ఇక లేవరు," నవ్వారాయన.

నాన్న తలొంచుకుని స్టూలు తుడుస్తూనే ఉన్నాడు.

ఫొటోలు సగమయ్యేసరికి స్టూలు మీద కూర్చున్న సార్ నడుం పట్టుకున్నారు. "దశరథా, ఆ కుర్చీ ఇలా లాగు. కాస్త ఆనుకోవాలి."

కొత్తవాళ్ల ముందు ఎప్పుడూ నోరు విప్పని నేను నాన్న చెయ్యి పట్టుకుని ఆపాను.

"వద్దు సార్. ఆనుకుంటే నిద్రొస్తది."

తిరిగి నడుస్తుంటే నాన్న నా బొమ్మ అడిగి తీసుకున్నాడు.

"ఆ చదువు నీకొస్తది బిడ్డా. సారుకే రాలే."