తొంభై దాటితే వణుకు

“తొంభై దాటితే చాలు, వణికిపోతోందయ్యా!” పాత కారు నడుపుతూ మెకానిక్‌తో వాపోయాడు భర్త.

“నేనుండగా ఒక్కసారీ వణకలేదు. అంతా ఈయన భ్రమ,” పక్కసీట్లో భార్య నవ్వింది.

వెనకసీట్లోంచి మెకానిక్ తొంగిచూశాడు. హైవే ఖాళీగానే ఉంది. స్పీడోమీటరు ముల్లు మాత్రం డెబ్బై దాటడం లేదు.

“తొక్కరేం సార్?”

భర్త ఓరకంట భార్య చేతివైపు చూశాడు.

ఆమె కూడా చూసుకుంది. తలుపు పైనున్న పిడిని తన వేళ్లు తెల్లబడేంత గట్టిగా పట్టుకుని ఉంది. ఇన్నేళ్లుగా చుట్టాలందరి ముందూ ఆయన్ని ‘నత్త’ అని ఏడిపించింది తనే!

మెల్లగా పిడి వదిలేసింది.

“తొక్కండి.”

తొంభై దాటగానే స్టీరింగు గడగడా వణికింది.

“చక్రాల బ్యాలెన్సు పోయింది సార్,” తేల్చేశాడు మెకానిక్.

“చూశావా? నే చెప్పలా!”

“చూశాలెండి. ఇక డెబ్బైకి దించండి, నత్తగారూ,” అంది ఆమె, మళ్లీ పిడి అందుకుంటూ.