చేదు మజ్జిగ

“నిజం చెప్పండి ఆరోన్ గారూ, మళ్ళీ తాగుతున్నారా?” డాక్టరమ్మ రిపోర్టు బల్ల మీద పెట్టింది.

ఆరోన్ పచ్చబడ్డ కళ్ళతో భార్య అమలమ్మ వంక చూశాడు. బాప్తిస్మం తీసుకున్నాక అతను మళ్ళీ సీసా జోలికి పోలేదు. ఆ సంగతి ఆమెకు తెలుసు.

“గుండెలో వాల్వ్ చెడి, రక్తం వెనక్కి తన్ని లివర్ వాచింది. అది కాస్త కుదుటపడ్డాక ఆపరేషన్ చేద్దామనుకున్నాం. కుదుటపడకపోగా, విషం పడ్డట్టు ఇంకా పాడైంది. ఇప్పుడు కోస్తే రక్తం ఆగదు. మనిషి దక్కడు.”

కామెర్లు తగ్గితేనే ఆపరేషనని విని, పామర్రు నుంచి పసరు తెప్పించింది అమలమ్మే. అతనికి తెలియకుండా రోజూ పొద్దున్నే మజ్జిగలో కలిపి ఇస్తోంది.

“తాగుతున్నానండీ,” అన్నాడు ఆరోన్.

“అబద్ధమండీ! ఆయన తాగట్లేదు. నేనే, కామెర్ల పసరు పోశాను!” బావురుమంది అమలమ్మ. భర్త చొక్కా పట్టుకుని ఊపేసింది. “నీ మీదెందుకు వేసుకున్నావయ్యా? నీకు తెలుసా?”

“మొదటి గుక్కకే తెలిసిందే, అంత చేదు!” అన్నాడతను నెమ్మదిగా. “గ్లాసు నా చేతికిచ్చి, నువ్వు కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలెట్టేదానివి. ఆమెన్ అనేలోపు తాగేసేవాణ్ణి.”