టీచరమ్మకు నా సాక్ష్యం

మా మండలం బళ్లలో ఇప్పుడు టీచర్లు లేరు, గోడల మీది తెరలే పాఠాలు చెబుతున్నాయి. విదేశాల్లో గొప్పవాళ్ల పిల్లలకు మాత్రం మనిషి టీచరే కావాలట. మా వీధి నీలవేణి ఆ ఉద్యోగానికి కాగితాలు పెడుతోంది. ఆమె దగ్గర చదువుకున్న మనిషి సాక్ష్యం కావాలన్నారు. అలాంటివాణ్ణి నేనొక్కణ్ణే. మూడో తరగతితో బడి మానేసి నేను మరిచిపోయిన అక్షరాలను అరవై దాటాక నాచేత దిద్దించింది.

సేవాకేంద్రంలో యంత్రం ముందు నిలబడ్డాం. ఐదింటితో గడువు ఆఖరు.

"ఈమె నాకు పేరు రాయడం నేర్పింది" అన్నాను. యంత్రం దాన్ని రెండు పేజీలు చేసింది. అందులో నేను ఏడ్చానట.

"నేనెప్పుడు ఏడ్చానమ్మా?"

"దాని రోగమే అది బాబాయ్. సంతకం పెట్టెయ్."

సింహాచలం అని పెట్టాను. వంకరగా ఉంది, చెల్లదంది యంత్రం. మూడుసార్లూ అంతే. చివరికి వేలిముద్ర అడిగి, పక్కన 'సాక్షికి చదువు రాదు' అని తనే రాసుకుంది.

నీలవేణి మొహం ఎర్రబడింది. "వద్దు బాబాయ్. ఇలా అయితే నేను పంపను."

"టైమెంత?"

"ఇంకా నాలుగు నిమిషాలున్నాయి."

వేలు నొక్కాను. రాయడం నేర్పిందని రెండు పేజీలు, కింద చదువు రాదని వేలిముద్ర. రెండూ చూసి యంత్రం "అంతా సరిపోయింది, పంపించాం" అంది.

బయటికొచ్చి తుపుక్కున ఉమ్మేశాను. నీలవేణి ఏదో చెప్పబోయింది. వినలేదు. వేలికి సిరా అంటలేదు. అయినా ఇంటిదాకా పంచెకు తుడుచుకుంటూనే వచ్చాను.