బట్టలకు వెళ్లొద్దు

లారీ మీది మిర్చి బస్తాల మీంచి పడిన బాలస్వామి ఒంటిమీద చిన్న గీత కూడా లేదు. పల్లె ఆసుపత్రి డాక్టర్ జ్యోతిర్మయి సెల్‌ఫోనంత స్కానింగ్ మిషన్‌ని అతని పొట్టకు ఆనించింది. తెరమీద కాలేయం పక్కన నల్లటి చార కనిపించింది. లోపల రక్తం నిండుతోంది. బీపీ అప్పటికే దిగిపోతోంది.

కంపెనీవాళ్లు వాడి చూడమని ఇచ్చిన మిషన్ అది. కొనేదీ లేనిదీ ఇవాళ చెప్పాలి.

"ఆపరేషన్ ఒంగోల్లోనే కదా మేడమ్. అందాకా ఉండేట్టు లేడు," అంది నర్సు జాస్మిన్, అతన్ని అంబులెన్స్ ఎక్కించి వచ్చి. "ఇక దీంతో చూసి ఏం లాభం?"

జ్యోతిర్మయి మిషన్ చేతిలో పట్టుకునే జాస్మిన్‌తో బయటికొచ్చింది.

అక్కడ బాలస్వామి భార్య ప్రేమమ్మ చెప్పులేసుకుంటోంది. "ఆయన్ని పంపించండి డాక్టరమ్మా. ఇంటికెళ్లి బట్టలూ దుప్పటీ సర్దుకుని ఎనక బస్సుకొస్తా. పెద్దాసుపత్రంటే వారమన్నా ఉంచుతారుగా!"

ఇలాంటప్పుడు "అలాగేనమ్మా, ఏం కాదులే" అని పంపేయడం జ్యోతిర్మయికి అలవాటు. అప్పుడు లోపలేముందో తెలిసేది కాదు. ఇవాళ తెలుసు.

"బట్టలకు వెళ్లొద్దు ప్రేమమ్మా. ఆయన పక్కనే కూర్చో. దారిపొడుగునా మాట్లాడుతూనే ఉండు."

ప్రేమమ్మ ఆమె ముఖంలోకి చూసింది. ఇంకేమీ అడక్కుండా అంబులెన్స్ వైపు నడిచింది.

"మిషన్ కొనేద్దాం జాస్మిన్," అంది జ్యోతిర్మయి మెల్లగా.

అంబులెన్స్‌లో బాలస్వామి కళ్లు తెరిచాడు. "నువ్వెందుకే? గేదెకు నీళ్లెవరు పెడతారు?"

"ఆ ప్రభువే పెడతాళ్లే," అంది ప్రేమమ్మ, అతని చేతిని ఒళ్లోకి తీసుకుంటూ. "నువ్వు నా మాటలు ఇంటా ఉండు."