తగ్గిన రుచి

మురుగునీళ్ళ శుద్ధి కేంద్రంలో ఇంజనీరు ఇమ్తియాజ్ క్యారియర్ ముందు పెట్టుకుని, ఫోన్లో భార్యను కసురుకుంటున్నాడు.

"ఈ ఏడు నీ టమోటా చట్నీకి రుచే లేదు బషీరా! యాల ఇట్ల చేస్తాండావు?"

ఫోన్ పెట్టి ముద్ద నోట్లో పెట్టుకునేసరికి, రైతు హనుమంతప్ప వచ్చి గోలీలంత టమోటాలు బల్లమీద కుమ్మరించాడు.

"సూడు సార్! మా చేనికొచ్చే నీళ్ళలో సారమంతా ఈ ఏడు పెట్టిన మీ మిషన్ తీసేసింది."

"సారం కాదప్పా, ఊరి మురికి తీసేసినాం."

"పదేండ్లుగా ఆ మురికితోనే పండిస్తి గదా! వారం వారం మీ ఇంటికి ఇచ్చింది ఆ పండ్లే. పోయినేడు సట్నీ అమృతమంటిరే!"

ముద్ద ఇమ్తియాజ్ గొంతులోనే ఆగింది. ఎలాగో మింగి, మళ్ళీ ఫోన్ అందుకున్నాడు.

"బషీరా, నీ తప్పేం లేదు. నీళ్ళు శుభ్రం చేసింది నేనే."