వంతెన మీద రూపాయి

పాత ఇనుము కొనే బుల్లియ్యని మా ఆవిడ వీరదుర్గే పిలిచింది. నా రైలుబొమ్మలన్నీ కాటా వేసి పట్టుకుపొమ్మంది.

చిన్నప్పుడు కోటిపల్లి తీర్థంలో కొన్న తగరపు ఇంజనుతో మొదలైంది నాకీ పిచ్చి. అరవై ఏళ్ళుగా చేపల వేట నుంచి రాగానే పట్టాలు వేస్తూ కూర్చుంటాను. నాకు సంతకం కూడా సరిగ్గా రాదు. అయినా గొడుగు ఊచలతో నేను కట్టిన గోదావరి వంతెనలాంటిది ఏ ఇంజనీరూ కట్టలేడు.

"మంచం వేసుకునే చోటు లేదురా బుల్లియ్యా. ఈ ముసలోడేమో ఇంకా కూ అని కూత పెడతాడు," అంది.

"పట్టుకెళ్ళేముందు ఒక్కసారి నడుపుతానే," అన్నాను.

నీళ్ళ తొట్టి మీది వంతెనపైకి బండి ఎక్కింది. వీరదుర్గ రూపాయి కళ్ళకద్దుకుని తొట్టిలోకి విసిరింది. అది పట్టాకి తగిలింది, బండి కాస్తా పట్టాలు తప్పి నీళ్ళలో పడింది.

"ఓసి దరిద్రపుదానా, ఇదేమన్నా నిజం గోదావరా!"

"బండి వంతెనెక్కితే చెయ్యి ఊరుకుంటుందా? ఈ పీడ వదలాలని మొక్కుకున్నాను. అవతలి ఒడ్డు చేరకుండానే పడిపోయింది. ఇప్పుడు అమ్మితే అరిష్టం. నువ్వెళ్ళరా బుల్లియ్యా."

వాడు వెళ్ళాడు. బండి మిగిలింది గానీ నా పరువు పోయింది. రూపాయి దెబ్బకి బండిని పడేసే వంతెన కాదది. కళ్ళజోడు పెట్టుకుని చూస్తే, నడిమి పట్టాకి మేకు లేదు.

"మేకేదే?"

వీరదుర్గ చెంగు ముడి విప్పి, మేకు నా చేతిలో పెట్టింది.

"వాణ్ణి పిలిచాక మనసొప్పలేదు, పొద్దున్నే పీకేశాను. ఊరికే వద్దంటే నీ ముందు నా మాటేం కానయ్యా?"