తీతువుల లంక

“మొత్తం ఐదున్నాయి,” అన్నాడు రాబర్ట్, పడవలోంచి వంగి చూస్తూ.

యోగిత ఒడ్డున మోకాళ్ళ మీద కూర్చుంది. పొడవాటి తీగల బోను. రెండు కొసల్లోనూ లోపలికి మాత్రమే తెరుచుకునే తలుపులు. ఒకటి దూరాక తలుపు వాలిపోతుంది. బయటినుంచి తోస్తే ఇంకోదానికీ దారిస్తుంది, వెనక్కి రావడానికి మాత్రం ఇవ్వదు. ముందు తల్లి మింకు దూరినట్టుంది, పిల్లలు దాని వెనకే వెళ్ళాయి. ముంగిసలాంటి ఒళ్ళు, నల్లగా మెరిసే బొచ్చు. తల్లి పిల్లల్ని వెనక్కి నెట్టి తీగలు కొరుకుతోంది.

“పిల్లల్ని వదిలేస్తే?”

“చట్టం ఒప్పుకోదు. పైగా రేపు పెద్దయ్యాక ఇవే ఈదుకుంటూ మళ్ళీ ఇక్కడికొస్తాయి.”

వాటి ముత్తాతల్ని ఎప్పుడో బొచ్చు కోసం అమెరికానుంచి తెచ్చి ఐర్లండులో పెంచారు. తప్పించుకున్నవి వాగుల్లోకీ చెరువుల్లోకీ చేరాయి. ఈ సరస్సు మధ్య లంకలో నేలమీద గూడు పెట్టే తీతువులకి అవే యముళ్ళు. గుడ్లు తింటాయి, పిల్లల్ని తింటాయి. చుట్టుపక్కల తీతువులు మిగిలింది ఈ లంక అవతలి కొసనే. వాటిని కాపాడటం యోగిత ఎమ్మెస్సీ ప్రాజెక్టు. రాబర్ట్ ఆ సరస్సు ఒడ్డునే పుట్టి పెరిగిన రైతు. బోన్లు పెట్టేది ఆయనే.

“నువ్వు అటు తిరుగు,” అన్నాడాయన తుపాకీ తీసి.

యోగిత చెవులు మూసుకుంది. అయినా ఐదూ వినపడ్డాయి. ఇవి పోతేనే అవి బతుకుతాయి అనుకుంది, కళ్ళు తుడుచుకుంటూ.

పడవ తిరిగొస్తుంటే తనే మాట కలిపింది. “మా కరీంనగర్ వైపు తీతువు కూస్తే చావు కబురొస్తుందంటారు. మా అమ్మమ్మ కిటికీలు మూసేసేది.”

“నా చిన్నప్పుడు వీటి గోలకి ఈ ఒడ్డున ఒకరి మాట ఒకరికి వినపడేది కాదు.”

“ఇప్పుడు గుడ్లమీద కూర్చునుంటాయి. అందుకే చప్పుడు లేదు.”

 రాబర్ట్ తెడ్డు వేస్తూ లంక వైపే చూశాడు.

తీతువు పిల్లలకి రెక్కలొచ్చేదాకా అవతలి కొసకి ఎవరూ వెళ్ళకూడదని ప్రొఫెసర్ గట్టిగా చెప్పారు. యోగిత రోజూ బోన్ల దగ్గరికే వెళ్ళి వెనక్కొచ్చేది. మరో వారంలో రెండు మింకులు పడ్డాయి. ఆ తర్వాత ఒకటి. ఆ తర్వాత ఏమీ లేవు. ఎరగా పెట్టిన చేపముక్క అలాగే ఎండిపోయేది.

ఒక సాయంత్రం, ఐర్లండులోనే చెర్రీవుడ్ అనే చోట ఉండే సుధేష్ణక్కకి ఫోన్ చేసింది.

“అక్కా, ఇగ ఒక్కటి గూడ పడుతలేదు. అన్ని బోన్లు ఖాళీ.”

“మరింక ఏడుపెందుకే?”

“ఆ పిల్లలు యాదికొస్తున్నయి. తల్లి ఎనకనే పోయినయి అక్కా. గని ఊకెనే సావలేదు గద.”

“లేదు తల్లీ. ఎన్ని పిట్టలు బతికినయో సూస్కో. శనివారం రా, పాయసం చేస్త.”

రాబర్ట్ మాత్రం ఖాళీ బోను చూసిన ప్రతిసారీ ఇంకా ముడుచుకుపోయేవాడు. ఈ పని అయిపోతోందని దిగులేమో అనుకుంది యోగిత. ఒంటరి మనిషి. రోజూ ఉదయం తనతో ఆ కాసేపు మాట్లాడటమే ఆయనకి సందడి.

“వచ్చే ఏడు కూడా వస్తాను రాబర్ట్,” అంది ఒకరోజు.

“మంచిది,” అన్నాడు ఆయన, బోను తీగకి పట్టిన నాచు గీకుతూ.

జూలైలో ప్రొఫెసర్ అనుమతి వచ్చింది. యోగిత బైనాక్యులర్ మెడలో వేసుకుని లంక మీదికి దూకింది. రాబర్ట్ పడవలోంచి లేవలేదు.

“మీరు రారా? పిల్లల్ని లెక్కపెడదాం.”

“నిన్న సాయంత్రం నేను వెళ్ళొచ్చాను.”

“నాకు చెప్పకుండానా?” యోగిత నవ్వింది. “సరే, బోన్లు మాత్రం ఇప్పుడే తీయొద్దు. మింకులు మళ్ళీ రావచ్చు.”

“రావు.”

“అంత నమ్మకంగా ఎలా చెప్తున్నారు?”

రాబర్ట్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. 

“తినడానికి ఇక్కడ ఏమీ మిగల్లేదు, యోగితా.”